చెక్కు చిన్నదే కానీ...

"ముప్పై డాలర్ల కోసమా ఇన్నేళ్ల కోర్టు గొడవ?" ఫేస్‌బుక్ ప్రైవసీ దావా డబ్బులు 2025లో ఖాతాల్లో పడ్డప్పుడు అమెరికాలో చాలామంది ఇలాగే నవ్వుకున్నారు. మొత్తం 72.5 కోట్ల డాలర్లే, కానీ పంచుకునేవాళ్లు కోటికి పైమాటే. లాయర్ల ఫీజు పోగా తలా పిజ్జా ఖర్చు మిగిలింది.

ఇల్లినాయ్‌లో కథ వేరు. అక్కడి 2008 చట్టం ప్రకారం ముఖం కొలతలు తీసుకోవాలంటే ముందుగా రాతపూర్వకంగా అనుమతి అడగాలి. ఫొటోలో ఎవరున్నారో పేరు చెప్పే ఫేస్‌బుక్ సదుపాయం దానికి చిక్కింది. 65 కోట్ల డాలర్లకు రాజీ కుదిరి, దరఖాస్తు పెట్టినవాళ్లకు 2022లో దాదాపు 400 డాలర్ల చొప్పున వచ్చాయి. చట్టం గట్టిగా ఉంటే చెక్కూ గట్టిగానే ఉంటుందన్నమాట!

గూగుల్ ఇన్‌కాగ్నిటో కేసు రాజీలో వాడకందార్లకు నష్టపరిహారమే లేదు. "మరి మనకేం ఒరిగింది?" అన్నారు జనం. వందల కోట్ల బ్రౌజింగ్ రికార్డులు చెరిపేయడానికి కంపెనీ 2024లో ఒప్పుకుంది. పిల్లల జ్వరం గురించి అర్ధరాత్రి మనం వెతికినవి ఎవరి దగ్గరా పోగుపడకపోవడం డబ్బు కన్నా తక్కువేం కాదు కదా.

ఈసారి అలాంటి ఈమెయిలు వస్తే స్పామ్ అని పారేయకండి. లింకు నొక్కే ముందు కోర్టు ఆమోదించిన సైటేనా అని చూసుకోండి. దరఖాస్తుకు ఫీజు అడిగారంటే మాత్రం అది మోసమే.