తెల్లవారుజామున రొయ్యల చెరువుకు ఊపిరి ఎందుకు అందదు?

సూరత్ నగరం నుంచి హజీరా రేవుకు వెళ్లే దారిలో ఇచ్ఛాపూర్ ఉంది. తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే ఈ తీరప్రాంతంలో, చోర్యాసీ, ఓల్పాడ్ తాలూకాల ఉప్పునేలల్లో రొయ్యల సాగు విస్తరించింది. అక్కడి రైతుకైనా, మన భీమవరం రైతుకైనా కంటి మీద కునుకు లేకుండా చేసే సమయం ఒక్కటే. అది తెల్లవారడానికి ముందు రెండు, మూడు గంటలు. ఆ వేళ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ పడిపోతే, నెలల శ్రమ, పెట్టుబడి ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోతాయి. చెరువు పైనున్న గాలిలో దాదాపు ఐదో వంతు ఆక్సిజనే. అయినా అది నీటిలోని రొయ్యకు ఎందుకు అందదు?

సమాధానం రెండు కొలతల్లో ఉంది. నీరు ఎంత వాయువును ఇముడ్చుకోగలదన్నది మొదటిది. ఇముడ్చుకున్న వాయువు నీటిలో ఎంత వేగంగా వ్యాపిస్తుందన్నది రెండోది. ఉష్ణోగ్రత ఈ రెండింటినీ చెరో వైపుకు లాగుతుంది.

పొయ్యి మీద పెట్టిన నీరు మరగడానికి చాలా ముందే గిన్నె అడుగున చిన్న బుడగలు కనిపిస్తాయి. అవి అప్పటిదాకా నీటిలో కరిగి ఉన్న గాలివే. నీరు వేడెక్కే కొద్దీ వాయువును ఇముడ్చుకునే శక్తి తగ్గుతుంది. లీటరు మంచినీరు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలి నుంచి సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను గ్రహించగలదు. 30 డిగ్రీల వద్ద అది 7.6కు తగ్గుతుంది. సముద్రపు నీటిలోనైతే అదే 30 డిగ్రీల వద్ద సుమారు 6.2 మిల్లీగ్రాములే.

వ్యాపన వేగం ఇందుకు భిన్నం. నీరు వేడెక్కితే దాని చిక్కదనం తగ్గి, అణువుల కదలిక సులువవుతుంది. 20 నుంచి 30 డిగ్రీలకు చేరేసరికి ఆక్సిజన్ వ్యాపన గుణకం దాదాపు 30 శాతం పెరుగుతుంది. ఈ గుణకానికి గణిత సూత్రాన్ని 1855లో జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫిక్ ప్రతిపాదించారు.

దానిని కొలవడం తేలిక కాదు. నీటిలో చిన్నపాటి ప్రవాహం పుట్టినా వాయువు దానితో కొట్టుకుపోయి, లెక్క తప్పుతుంది. అందుకే ఒక పద్ధతిలో, సన్నని పొడవాటి గొట్టంలో నిదానంగా సాగే నీటిలోకి, వాయువు కరిగిన నీటిని కొద్దిగా వదులుతారు. అది అవతలి చివరకు చేరేలోగా ఎంత విస్తరించిందో చూసి గుణకాన్ని లెక్కిస్తారు. ఒక్క డిగ్రీ తేడాకే ఫలితం రెండు, మూడు శాతం మారుతుంది. కాబట్టి గొట్టాన్ని స్థిరమైన ఉష్ణోగ్రత గల నీటితొట్టెలో ఉంచుతారు.

25 డిగ్రీల వద్ద ఈ గుణకం సెకనుకు సుమారు 0.00002 చదరపు సెంటీమీటర్లు. గాలిలో ఇది దాదాపు పదివేల రెట్లు ఎక్కువ. పైగా దూరం పది రెట్లయితే పట్టే కాలం వంద రెట్లవుతుంది. కదలని నీటిలో ఆక్సిజన్ ఒక మిల్లీమీటరు వ్యాపించడానికి సుమారు 4 నిమిషాలు, ఒక సెంటీమీటరుకు 6 గంటలకు పైగా పడుతుంది. ఒక మీటరు లోతుకు చేరాలంటే ఏడేళ్లు దాటుతుంది. నీరు 35 డిగ్రీలకు వేడెక్కితే ఆ ఏడేళ్లు ఆరేళ్లవుతాయి. చెరువుకు ఉన్న గడువు మాత్రం ఒక్క రాత్రి.

పగలు నీటిలోని సూక్ష్మ వృక్షజాలం ఎండ సాయంతో ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. చీకటి పడగానే ఆ ఉత్పత్తి ఆగిపోతుంది. రొయ్యలు, బ్యాక్టీరియా, ఆ సూక్ష్మ వృక్షాలు కూడా రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. వేడి నీటిలో వాటి అవసరం మరింత పెరుగుతుంది. నిల్వ తక్కువ, వాడకం ఎక్కువ కావడంతో సూర్యోదయానికి ముందు పరిమాణం కనిష్ఠానికి చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలన్నది రొయ్యల సాగులో సాధారణ నియమం.

ఏరేటర్లు చేసే పని ఇక్కడే అర్థమవుతుంది. వాటి చక్రాలు నీటిని చిమ్మి, గాలిని తాకే ఉపరితలాన్ని పెంచుతాయి. ఆక్సిజన్ అందుకున్న పై నీటిని లోతుకు నెట్టి, కింది నీటిని పైకి తెస్తాయి. వ్యాపనానికి ఏళ్లు పట్టే దూరాన్ని ప్రవాహం నిమిషాల్లో దాటిస్తుంది.

కొలిచే పరికరం సైతం ఈ నియమాలకు లోబడినదే. అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ 1950వ దశకంలో రూపొందించిన ఎలక్ట్రోడ్‌లో, ఆక్సిజన్ పలుచని పొర గుండా వ్యాపించి విద్యుత్ ప్రవాహాన్ని కలిగిస్తుంది. ఆ వ్యాపనం ఉష్ణోగ్రతతో మారుతుంది కనుక ఇటువంటి మీటర్లు నీటి వేడిని కూడా కొలిచి లెక్కను సరిచేస్తాయి. ఎలక్ట్రోడ్ తన చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను తానే వాడుకుంటుంది. అందువల్ల దానిని నీటిలో మెల్లగా కదుపుతూ చూడాలి, లేదంటే అసలు కన్నా తక్కువ చూపుతుంది. ఉప్పునీటి చెరువులో లవణీయతను కూడా మీటరులో నమోదు చేయాలి.

మధ్యాహ్నం పైనీటిలో తీసిన కొలత ఎంత బాగున్నా, అది రాత్రికి భరోసా కాదు. చెరువు అడుగున, తెల్లవారుజామున, నీటి ఉష్ణోగ్రతతో సహా తీసుకున్న కొలతే రైతుకు నిజం చెబుతుంది.