మూలకముల సంయోజకత — ఆకాంక్షావిచారము

శేషప్పకవి నృసింహశతకముచేఁ దెలుఁగువారికెల్లఁ బరిచితమైన ధర్మపురి, గోదావరి దక్షిణవాహినియై పాఱు పుణ్యక్షేత్రము. వేదమును వేదాంగములును బఠించువా రచ్చటఁ దరతరములుగాఁ గలరు. 1948 వఱకు నిజాము రాజ్యములోను, పిమ్మటఁ గరీంనగర మండలములోను నుండి, 2016లో జగిత్యాల మండలమునఁ జేరిన యీ యూర నేఁడు ప్రాఁతచదువును గ్రొత్తచదువును బ్రక్కప్రక్కనే యున్నవి. తర్కసంగ్రహమును బఠించిన బాలుఁడు ‘ఆకాంక్ష’ యననేమో చెప్పఁగలఁడు. ఉన్నతపాఠశాలలో రసాయనశాస్త్రమును జదువు బాలుఁడు సోడియమునకు ఒకటి, కాల్షియమునకు రెండు, అల్యూమినియమునకు మూఁడు అని సంయోజకతల పట్టికను వల్లించును. మొదటివాని కీ పట్టిక తెలియదు; రెండవవానికి ఆ యంకె లేల కలిగెనో తెలియదు. వ్యాకరణ మెఱిఁగిన యుపాధ్యాయుఁడు తలఁచుకొన్నచో నీ యిరువురకును నొక్క పాఠముతోనే బోధింపవచ్చును.

‘దేవదత్తుఁడు నిద్రించుచున్నాఁడు’ అనఁగానే వాక్యము ముగిసినది. ‘దేవదత్తుఁడు వండుచున్నాఁడు’ అన్నచో వినువాని మనస్సు ‘దేనిని?’ అని యడుగును. నిద్రించుట యకర్మకము, వండుట సకర్మకము. అష్టాధ్యాయి మొదటి యధ్యాయము నాలవ పాదమునందలి 51వ సూత్రముకడ భట్టోజిదీక్షితుఁడు సిద్ధాంతకౌముదిలో లెక్కించిన 16 ధాతువులు రెండేసి కర్మముల నపేక్షించును. ఆవును బాలను బిదుకుట యిట్టిది. ఎన్ని పదములతోఁ గూడినఁ గాని ధాతువునకుఁ దృప్తి కలుగదో యా లెక్క ధాతుస్వభావములోనిదే కాని వక్త యిచ్ఛచే వచ్చినది కాదు.

మూలకముల తీరు నిట్టిదే. ఒక మూలకముయొక్క పరమాణువు ఇతర పరమాణువులతో నెన్ని బంధములఁ జేసికొనినఁ గాని స్థిమితము నొందదో యా సంఖ్యయే దాని సంయోజకత. ఉదజని పరమాణువునకు ఒక్క బంధము చాలును. ఆమ్లజనికి రెండు కావలయును, నత్రజనికి మూఁడు, కర్బనమునకు నాలుగు. కావున గోదావరినీట ఆమ్లజని యొకటికి ఉదజనులు రెండు. నవాసారమును సున్నముతోఁ గలిపినప్పుడు ముక్కు పగులునట్లు వెలువడు అమ్మోనియా వాయువున నత్రజని యొకటికి ఉదజనులు మూఁడు. చెఱువు బురదలోనుండి బుడగలుగా లేచు మీథేను వాయువునఁ గర్బన మొకటికి ఉదజనులు నాలుగు. ఉదజని సంయోజకత యొకటియే యగుటచే మిగిలినవానిఁ గొలుచుట కదియే కొలబద్ద యైనది.

ఈ పోలిక వట్టి యలంకారము గాదు. ఫ్రెంచి వైయాకరణుఁడైన లూసియన్ టెనియేర్ 1954లో గతించెను. 1959లోఁ బ్రకటింపఁబడిన యాతని వాక్యనిర్మాణగ్రంథమున, క్రియ తన చుట్టు నిలుపుకొను పదముల సంఖ్యకు రసాయనశాస్త్రమునుండియే పేరు తీసికొనఁబడినది. క్రియ కొక్కెములుగల పరమాణువుతోఁ బోల్పఁబడినది. పేరు రసాయనమునుండి వచ్చిన మాట నిజమే. అర్థము మాత్రము పాణినీయులకుఁ బ్రాఁతదే.

ఇఁక నీ యంకెలు రసాయనజ్ఞులకును సులభముగాఁ జిక్కినవి కావు. నీటిలోఁ దూనికచే ఉదజని యొక పాలు, ఆమ్లజని యెనిమిది పాళ్లు. ఇంతవఱకుఁ ద్రాసు చెప్పును. కాని పరమాణువు లెన్నేసి? 1808లోఁ దన సిద్ధాంతగ్రంథమును బ్రకటించిన డాల్టన్ ఉదజని యొకటి, ఆమ్లజని యొకటి కలిసి నీరగునని యూహించెను. సరళమైనదానిని ముందు గ్రహింపవలెనను నియమ మాతనిది. లాఘవ మెల్లప్పుడును సత్యము గాదు. 1811లో అవొగాడ్రో సమానపరిమాణముగల వాయువులలో అణువుల సంఖ్యయు సమానమే యని ప్రతిపాదించెను. నీటిని విద్యుత్తుచే విడఁదీసినప్పుడు ఉదజని యామ్లజనికి రెట్టింపు పరిమాణమున వెలువడుటచే, రెండింటి కొకటి యను లెక్క దీనివలన సిద్ధించును. అయినను దాదాపు 50 ఏండ్లు ఆ మాట నెవ్వరును బట్టించుకొనలేదు. 1860లో కార్ల్‌స్‌రూహె నగరమునఁ గూడిన రసాయనజ్ఞుల సభలో కానిజారో దానిని మరల నిలువఁబెట్టెను. ఈ నడుమ 1852లో ఫ్రాంక్‌లాండ్, ఒక్కొక్క మూలకమునకుఁ గూడిక విషయమున నియతసంఖ్య యొకటి కలదని చెప్పెను. 1858లో కెకూలే, కూపర్ అనువా రిరువురును వేర్వేఱుగాఁ గర్బనమునకు నాలుగు బంధములని నిర్ణయించిరి. సంయోజకతాశాస్త్రమునకుఁ బునాది యిదియే.

లెక్క కట్టు తెఱఁగునకుఁ బుస్తకలేఖకు లెఱిఁగిన వస్తు వొకటి చాలును. కాగితపు వ్రాఁతప్రతులలోఁ దప్పు వ్రాసిన యక్షరములపైఁ బచ్చని హరిదళమును బూసి మరల వ్రాయు నాచారము కలదు. ఈ హరిదళము ఆర్సెనిక్ అను మూలకమును గంధకమును గూడిన సమ్మేళనము. ఇందు ఆర్సెనిక్ సంయోజకత మూఁడు, గంధకమునకు రెండు. ఎవ్వరి యాకాంక్షయు మిగులరాదు. మూఁటికిని రెంటికిని సామాన్యమైన కనిష్ఠసంఖ్య యాఱు. ఆఱు బంధములు కలుగుటకు ఆర్సెనిక్కులు రెండు, గంధకములు మూఁడు కావలయును. బాలురు ‘ఈ యంకె నటు, ఆ యంకె నిటు మార్చి వ్రాయుము’ అను సూత్రమును గంఠస్థము చేయుదురు. దాని యర్థ మింతియే. కాల్షియము, ఆమ్లజని రెండును ద్విసంయోజకములు. వీనికి అంకెలు మార్చి రెండు రెండు వ్రాయుట పొరపాటు, ఒకటి కొకటి చాలును. సున్నమున నున్నది యట్లే.

ఆకాంక్షకుఁ గారణమేమి? ధాతువున కేల కర్మము కావలయునని యడిగినచో ధాత్వర్థమును జూపవలసివచ్చును. ఇచ్చటఁ బరమాణువు కడుపులోనికిఁ జూడవలెను. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రాను నెఱిఁగించెను. 1916లో జర్మనీయందు కాసెల్, అమెరికాయందు లూయిస్ వానిచేతనే బంధమును వివరించిరి. పరమాణుకేంద్రము చుట్టు నెలక్ట్రానులు పొరలు పొరలుగా నుండును. వెలుపలి పొరలో నెనిమిది యున్నచో స్థిమితము. హీలియమువంటి మిక్కిలి చిన్న పరమాణువులకు రెండే చాలును. సోడియమునకుఁ గల 11 ఎలక్ట్రానులు 2, 8, 1 అని యమరియున్నవి; క్లోరినునకుఁ గల 17 ఎలక్ట్రానులు 2, 8, 7 అని. మొదటిది యొకదాని విడిచినఁ దీరును, రెండవది యొకదానిఁ గైకొన్నఁ దీరును. ఇచ్చుటయుఁ బుచ్చుకొనుటయుఁ గూడి మన కూరలోని యుప్పైనది. కర్బనము నాలుగింటి నిచ్చుటకును జాలదు, పుచ్చుకొనుటకును జాలదు. కావున ఇరుగుపొరుగువారితో జంటలుగాఁ బంచుకొనును. బాలురచేఁ బట్టికను వల్లింపఁజేయుటకు ముందు మొదటి 20 మూలకముల వెలుపలి యెలక్ట్రానులను బలకపైఁ జుక్కలుగాఁ బెట్టించినచో, వారే పట్టికలోఁ బెక్కంకెలను జెప్పుదురు.

వెలుపలి పొర మొదటనే నిండియున్న మూలకములును గలవు. 1894లో రేలీ, రామ్సే గనుఁగొన్న ఆర్గాన్ అట్టిది. నిరాకాంక్షములగుటచే వీనికి సమ్మేళనములు లేవని శాస్త్రజ్ఞులు చిరకాలము నమ్మిరి. 1962లో బార్ట్‌లెట్ ఆ వర్గములోనిదే యగు క్సెనాన్‌ను సమ్మేళనమునకుఁ దెచ్చెను. ఉత్సర్గమున కపవాదము వచ్చెను.

శబ్దమును గూర్చియు నొకింత చెప్పవలసియున్నది. వాలెన్సీ యను పేరునకు మూలమైన లాటిను శబ్దమునకు బల మని యర్థము. ఇది బాలురను దప్పుత్రోవఁ బట్టించును. నాలుగు సంయోజకతగల కర్బనము వజ్రమై నిశ్చలముగాఁ గూర్చుండును. ఒక్కటే గల సోడియము నీటిపైఁ బడఁగానే బుస్సున మండును. సంయోజకత సంఖ్యయే కాని తీవ్రత గాదు. ఉర్దూ పాఠ్యగ్రంథములలోని ‘గిరఫ్త్’ పట్టు నూహింపఁజేయును. మరాఠీవారు ‘సంయుజా’ యనిరి. హిందీవారితోపాటు తెలుఁగువారు గ్రహించిన ‘సంయోజకత’లో బలమను భ్రాంతి లేకుండుట మేలు. అయితే ‘సంయోజకము’ కూర్చునది యనియే యర్థ మిచ్చును, సంఖ్య శబ్దమునందు స్ఫురింపదు. ఆ లోటును ఉపాధ్యాయుఁడు నోటితోఁ బూరింపవలసినదే. ‘ఆమ్లజని’ యింతకన్న దోషయుక్తము. ఆమ్లములన్నింట నిది యుండునని లవోయిజే భ్రమించి పెట్టిన పేరునకుఁ దెలిఁగింపు అది. ఉప్పునుండి తీయు ఆమ్లమున ఆమ్లజని లేదని 1810లో డేవీ నిరూపించెను. రూఢిచే నిలిచినది కావున వాడుదుము.

కొందఱు కణాదుని ద్వ్యణుక త్ర్యణుకములలోనే సంయోజకత యంతయుఁ గలదని సభలలోఁ జెప్పుచుందురు. ఇది శాస్త్రద్వయమునకును న్యాయము గాదు. పరమాణువులు రెండు చేరి ద్వ్యణుకము, ద్వ్యణుకములు మూఁడు చేరి త్ర్యణుకము నగుట వైశేషికమతమున పృథివికిని జలమునకును దేజస్సునకును వాయువునకును సమానము. ఆ సంఖ్య పరిమాణోత్పత్తిని సాధించుటకై వచ్చినది. ద్రవ్యమును బట్టి మాఱునదియే సంయోజకత. మఱియు నా మతమున విజాతీయపరమాణువులు కూడి యొక ద్రవ్యము నారంభింపవు. జలపరమాణువులే జలము నారంభించును. రెండు వాయువులు కూడి నీరగుట వారి కసమ్మతము. కణాదుని యూహ తన ప్రశ్నలకుఁ దగిన గొప్ప యూహ. ఆతఁ డడుగని ప్రశ్నకు సమాధానమును దానిలో వెదకి యాతనిఁ జిన్నపుచ్చరాదు.

ఒక్క మూలకమునకే సంయోజకతలు రెండు మూఁ డుండుట బాలురకుఁ జిక్కు. వైయాకరణునకుఁ గాదు. భూధాతు వకర్మకము, ‘అను’ అను నుపసర్గ చేరఁగా ననుభవించుట యను నర్థమున సకర్మకమగును. ధాతు వదియే, యపేక్ష మాఱినది. ఇనుమునకు సంయోజకత రెండును గలదు, మూఁడును గలదు. దీనిని బూర్వపు పండితులు తమ చేతులతోనే చూచిరి. కరక్కాయల కషాయమున అన్నభేదిని గలిపి సిరాఁ జేయువారు. అన్నభేదిలోని యినుము ద్విసంయోజకము. అట్టి సిరాతో వ్రాసినప్పు డక్షరములు మొదట వెలవెలఁబోవుచుండును. గాలిలోని యామ్లజని తగిలినకొలఁది యినుము త్రిసంయోజకమై, కరక్కాయలోని వగరుపదార్థముతోఁ గూడి నల్లఁబడి కాగితమును గఱచుకొనును. మఱునాఁటి కక్షరము దిట్టమగుటకుఁ గారణ మొక యంకె మాఱుటయే.

పాదరసముకడ నీ యంకె ప్రాణముమీఁదికి వచ్చును. క్లోరినుతోఁ బాదరసము కూడిన సమ్మేళనములు రెండు. పాదరస మొకటికి క్లోరిను లొకటి చొప్పున నున్నది నీటఁ గరఁగదు. పూర్వము విరేచనౌషధముగా వాడఁబడినది. రెండేసి యున్నది నీటఁ గరఁగు ఘోరవిషము. రసకర్పూరమను పేరు వైద్యవ్యవహారమున రెండింటికిని వినఁబడుటచేఁ, బేరునుబట్టి కాక కూడికనుబట్టియే వస్తువును నిర్ణయింపవలెను. మొదటిదానిలోఁ బాదరసమునకు సంయోజకత యొకటి యని పాఠ్యగ్రంథములు వ్రాయును. నిజమునకు అందుఁ బాదరసపరమాణువులు రెండు తమలోఁ దాము చేయి పట్టుకొని, మిగిలిన చేతులతోఁ జెఱియొక క్లోరినును బట్టుకొనియున్నవి. బంధములను లెక్కించుట వేఱు, ఇచ్చి పుచ్చుకొన్న యెలక్ట్రానులను లెక్కించుట వేఱు. ఈ భేదమును బై తరగతులలోనైనను జెప్పకున్నచో బాలుఁడు తికమకపడును.

ఆకాంక్ష యొక్కటియే వాక్యార్థమునకుఁ జాలదనియు, యోగ్యతయు సన్నిధియుఁ గావలయుననియుఁ బండితు లెఱుఁగుదురు. నిప్పుతోఁ దడుపుట కుదురదు. అట్లే సోడియము, పొటాసియము రెండును దాతలే యగుటచే వానినుండి యుప్పు పుట్టదు. సన్నిధి విషయమున మాత్రము పోలిక కుంటుపడును. వాక్యమున సన్నిధి కలిగినఁ జాలును. ఉదజనిని ఆమ్లజనిని నొక్క సీసాలో నుంచినను, నిప్పురవ్వ తగులువఱకు నవి నీరు కాక యట్లే యుండును. తగిలినచో సీసా పగులును.

కోరుట్లకుఁ బడమటనున్న కోనసముద్రమున నొకప్పుడు మూసలలోఁ గరఁగించి చేసిన యుక్కు పారసీకదేశమువఱకుఁ బోయెను. 1832లోఁ బ్రకటితమైన వైసీ వ్రాఁతలో ఆ పని వర్ణింపఁబడినది. అట్టి యుక్కున నినుముతో నూటికి ఒకటి రెండు పాళ్లు కర్బనము కలిసియుండును. అందుఁ గొంత యినుమును గర్బనమును గూడి కార్బైడగును. దానిలో నినుములు మూఁడు, కర్బన మొకటి. ఇనుమునకు రెండు, కర్బనమునకు నాలుగు అని లెక్కించినచో నినుములు రెండే రావలెను. ఇనుమునకు మూఁడని లెక్కించినను మూఁటి కొకటి రాదు. లోహములలో వెలుపలి యెలక్ట్రాను లే యొక్క పరమాణువునకును సొంతము గాక ముద్దకంతకును జెందియుండుటచే, పట్టికలోని యంకెల నచ్చటఁ బ్రయోగింపరాదు.