తోక ఊపే కుక్క కరవదా?

"తోక ఊపుకుంటనే వచ్చింది సిస్టరమ్మా, గిట్ల కరుస్తదనుకోలె." లాల్‌గడి మలక్‌పేట్ నుండి ఆరేళ్ళ కొడుకును ఎత్తుకొని మా క్యాజువాలిటీకి వచ్చిన ఒక తల్లి అన్న మాట ఇది. బాబు ముంజేతి మీద పళ్ళ గాట్లు. గాయం కడుగుతూ బాబునే అడిగాను, తోక ఎట్లా ఉందని. వాడు బాగున్న చేతిని నిటారుగా పైకెత్తి, వేళ్ళ కొసలు మాత్రం గబగబా ఆడించి చూపించాడు.

పెద్దలు గమనించనిది వాడు గమనించాడు. స్నేహంగా వచ్చే కుక్క నడుముతో సహా ఊగుతుంది, ఒళ్ళంతా వదులుగా ఉంటుంది. తోక నిక్కబొడుచుకొని, కొస మాత్రమే వేగంగా కదులుతూ, ఒళ్ళు బిగుసుకొని, చూపు మన మీదే నిలిపితే అది హెచ్చరిక. తోక ఊపడమంటే కుక్క ఉద్రేకంలో ఉందని మాత్రమే అర్థం. అది సంతోషమో కోపమో మిగతా శరీరం చెప్పాలి.

భయపడిన కుక్క సంగతి వేరు. తోక కాళ్ళ మధ్యకు పోతుంది, చెవులు వెనక్కి వాలతాయి, కంటి తెల్లగుడ్డు ఓరగా కనబడుతుంది. ఎదుట తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, ముఖం పక్కకు తిప్పుకుంటుంది. నార్వేకు చెందిన కుక్కల శిక్షకురాలు టూరిడ్ రూగోస్ ఇలాంటి వాటికి శాంతి సంకేతాలని పేరు పెట్టారు. "నన్ను వదిలెయ్యి" అని అది బతిమాలుతున్నదన్న మాట. సరిగ్గా అప్పుడే పిల్లలు మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు చేస్తారు! మనకు అది ప్రేమ, కుక్కకు మాత్రం కట్టేసినట్టు. ఆ తరువాత అది కదలకుండా బిగుసుకుంటుంది, గుర్రుమంటుంది, చివరికి కరుస్తుంది. గుర్రుమన్నందుకు కుక్కను కొట్టకండి. కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.

తింటున్న కుక్క, పిల్లలు పెట్టిన కుక్క దగ్గరికి పోకూడదు. వీధి కుక్క మీదికి వస్తే పరుగెత్తకుండా, కళ్ళలోకి చూడకుండా, చేతులు ఒంటికి ఆనించి నిలబడాలి. కిందపడితే ముడుచుకొని మెడ, చెవులు చేతులతో కప్పుకోవాలి.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ళ బాబు చనిపోయాడు. గుంపుగా వచ్చిన కుక్కల ముందు పసివాడికి ఏ పాఠమూ పనిచేయదు. చిన్నపిల్లలను వీధిలోకి ఒంటరిగా పంపకపోవడమే పెద్దల పని.

రేబిస్ సోకిన కుక్క ఈ సంకేతాలేవీ ఇవ్వకుండానే కరవవచ్చు. కొన్ని రెచ్చిపోతాయి, కొన్ని దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ మూలన పడి ఉంటాయి. లక్షణాలు కనబడడానికి కొన్ని రోజుల ముందే చొంగలో క్రిమి ఉంటుంది. కాబట్టి "కుక్క మంచిగనే ఉంది, పది రోజులు చూద్దాం" అని టీకా ఆపకండి. కరిచింది కుక్కపిల్ల అయినా అంతే.

వెంటనే ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఆ తల్లి కంగారులో గాయానికి కారం అద్దుకొని వచ్చింది, దాన్ని వదిలించేసరికి బాబు ఏడ్చిన ఏడుపు చెప్పలేను. కారం, సున్నం, పసుపు ఏదీ వద్దు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. చర్మం చీలి రక్తం వస్తే గాయంలోకి ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. నగరంలో నారాయణగూడలోని ఐ.పి.ఎం.లో కూడా టీకా వేస్తారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికినవారు బహు అరుదు.

మూడో డోసుకల్లా గాయం మానుతుంది, అందుకే చాలామంది నాలుగో దానికి రారు. కార్డులో 28వ రోజు గడి ఖాళీగా ఉంటే మేమే ఫోన్ చేస్తాం. ఆ తల్లికి చేయాల్సిన అవసరం రాలేదు. ఉదయం ఓ.పి. తెరవకముందే కొడుకుతో బెంచీ మీద కూర్చొని ఉంది.