ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు: దరఖాస్తు, ఇంటర్వ్యూ సన్నద్ధత

ఉద్దేశాలు

ఈ పాఠ్యాంశం చదివిన తరువాత మీరు:
- ఫిజీషియన్ అసిస్టెంట్ బాధ్యతలను, వాటి హద్దులను వివరించగలుగుతారు.
- దరఖాస్తుకు ముందు పరిశీలించవలసిన అంశాలను గుర్తించగలుగుతారు.
- ప్రవేశ ఇంటర్వ్యూకు సొంతంగా సిద్ధం కాగలుగుతారు.

1. ఎవరు ఈ ఫిజీషియన్ అసిస్టెంట్?

రోగి చెప్పే బాధను క్రమంగా రాసుకోవడం, ప్రాథమిక పరీక్ష చేయడం, రిపోర్టులు సరిచూసి వైద్యునికి నివేదించడం, శస్త్రచికిత్సలో సహాయపడటం, డిశ్చార్జి సమయంలో జాగ్రత్తలు చెప్పడం ఫిజీషియన్ అసిస్టెంట్ చేసే ముఖ్యమైన పనులు. ఇవన్నీ వైద్యుని పర్యవేక్షణలోనే జరుగుతాయి. చికిత్సపై తుది నిర్ణయం వైద్యునిదే. సొంతంగా క్లినిక్ పెట్టి వైద్యం చేయడానికి ఈ డిగ్రీ అనుమతి ఇవ్వదు. నర్సు వృత్తి కూడా దీనికి భిన్నమైనది. దానికి వేరే చదువు, వేరే కౌన్సిల్ ఉన్నాయి.

ఈ వృత్తి 1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. డా. యూజీన్ స్టెడ్ నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసినవారితో మొదటి తరగతిని ప్రారంభించారు. మన దేశంలో 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో డా. కె.ఎం. చెరియన్ ఈ శిక్షణకు నాంది పలికారు. గుండె శస్త్రచికిత్స విభాగానికి శిక్షణ పొందిన సహాయకులు కావలసి రావడం అందుకు నేపథ్యం. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం తన జాబితాలో ఈ వృత్తిని 'ఫిజీషియన్ అసోసియేట్' పేరుతో చేర్చింది.

2. దరఖాస్తుకు ముందు

ఈ కోర్సును దూరవిద్యలో చదవడానికి వీలు లేదు. 2021 చట్టం పరిధిలోని ఆరోగ్య కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల్లో నడపరాదని యూజీసీ 2025లో ఆదేశించింది. "ఇంటి నుంచే పి.ఏ. డిగ్రీ" అనే ప్రకటన కనిపిస్తే ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఆసుపత్రి వార్డులో నేర్చుకోవలసిన పనిని పుస్తకం ఒక్కటే నేర్పలేదు.

డిగ్రీ స్థాయి కోర్సుకు సాధారణంగా ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండాలి. అందువల్ల బై.పి.సి. చదివి, ప్రస్తుతం దూరవిద్యలో బి.ఏ. లేదా బి.కాం. చేస్తున్నవారు కూడా ఇంటర్ అర్హతతో ప్రయత్నించవచ్చు. వయోపరిమితి, ఎంపిక విధానం ఆ సంవత్సరపు నోటిఫికేషన్‌లోనే చూడాలి.

ఫీజు కట్టే ముందు కళాశాలను ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:
- డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? దానికి గుర్తింపు ఉందా?
- శిక్షణ ఏ ఆసుపత్రిలో? అందులో ఎన్ని పడకలు, ఏయే విభాగాలు ఉన్నాయి?
- ఇంటర్న్‌షిప్ ఎంత కాలం? స్టైపెండ్ ఇస్తారా?
- గత బ్యాచ్‌వారు ఎక్కడ పనిచేస్తున్నారు? వారిలో ఒకరిద్దరితో మాట్లాడవచ్చా?

అమెరికా వెళ్లాలనుకునేవారు మరో విషయం గమనించాలి. అక్కడ ఈ వృత్తి చేయాలంటే ఆ దేశపు గుర్తింపు సంస్థ ఆమోదించిన కార్యక్రమంలోనే చదివి, జాతీయ పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. ఇక్కడి పి.ఏ. డిగ్రీతో నేరుగా ఆ పరీక్ష రాయడానికి వీలు లేదు.

3. ఇంటర్వ్యూలో ఏం చూస్తారు?

మీకు ఎంత వైద్యం తెలుసని ఎవరూ చూడరు. అది నేర్చుకోవడానికే మీరు వస్తున్నారు. మీ హద్దు మీకు తెలుసా, ఎదుటి మనిషి మాట ఓపికగా వింటారా అన్నవే పరిశీలిస్తారు.

"ఎం.బి.బి.ఎస్. సీటు రాలేదని ఇటు వచ్చారా?" అని అడగవచ్చు. నీట్ రాసి ఉంటే రాశానని చెప్పండి, దాచనక్కర లేదు. ఆ తరువాత ఈ పని గురించి ఏం తెలుసుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో చెప్పండి. దూరవిద్యలో చదువుతూ ఉద్యోగమో వ్యవసాయమో చేసి ఉంటే ఆ సంగతీ చెప్పండి. అది మీ క్రమశిక్షణకు రుజువు.

మరో తరహా ప్రశ్న ఇలా ఉంటుంది: "డాక్టరుగారు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు. రోగి బంధువు నొప్పి మాత్ర రాసివ్వమని ఒత్తిడి చేస్తున్నారు. ఏం చేస్తారు?" మాత్ర రాసిస్తాననడం తప్పు. నాకు సంబంధం లేదనడం కూడా తప్పే. రోగిని చూసి, నాడి, రక్తపోటు, నొప్పి తీవ్రత నమోదు చేసి, డ్యూటీ డాక్టరుకు వెంటనే తెలియజేసి, ఆ మాటే బంధువుకు వివరిస్తానని చెప్పడం సరైన సమాధానం.

4. మీ ఊళ్లోనే సాధన

మీ జిల్లా ఆరోగ్య సమస్య ఒకటి లోతుగా తెలుసుకోండి. ఎచ్చెర్ల ప్రాంత విద్యార్థికి ఉద్దానం కిడ్నీ వ్యాధి మంచి ఉదాహరణ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ వ్యాధి ఎక్కువ. దీనికి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. "నీళ్ల వల్లే వస్తుంది" అని తేల్చిచెప్పే అభ్యర్థి కంటే, "కారణంపై పరిశోధన సాగుతోంది" అని చెప్పగలిగే అభ్యర్థిపై నమ్మకం కలుగుతుంది.

రోజూ ఒక సాధన చేయండి. ఇంట్లో పెద్దవారి అనుమతితో వారి ఆరోగ్య సమస్యను అడగండి: ప్రధాన బాధ ఏమిటి, ఎప్పటి నుంచి, పూర్వం ఏ జబ్బులున్నాయి, ఏ మందులు వాడుతున్నారు, ఏవైనా పడవా, కుటుంబంలో ఎవరికైనా ఉందా, చేసే పని ఏమిటి? విన్నదాన్ని రెండు నిమిషాల్లో ముందు తెలుగులో, తరువాత సరళమైన ఇంగ్లీషులో చెప్పండి. రోగి భాషలో విని డాక్టరుకు ఆయన భాషలో నివేదించడం ఈ వృత్తికి మూలం. సలహా మాత్రం ఇవ్వకండి, విన్న సంగతి బయట చెప్పకండి.

5. సారాంశం

ఫిజీషియన్ అసిస్టెంట్ వైద్యుని పర్యవేక్షణలో పనిచేసే శిక్షితుడు. కోర్సు రెగ్యులర్ విధానంలోనే చదవాలి, గుర్తింపు సరిచూసిన తరువాతే ఫీజు కట్టాలి. ఎక్కడ ఆగి డాక్టరును పిలవాలో తెలిసినవారే ఇంటర్వ్యూలో నిలుస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫిజీషియన్ అసిస్టెంట్ సొంతంగా క్లినిక్ ఎందుకు నడపకూడదు?
2. ఫీజు కట్టే ముందు కళాశాలను అడగవలసిన నాలుగు ప్రశ్నలు రాయండి.
3. మీ మండలంలోని ఒక ఆరోగ్య సమస్య గురించి, తెలిసినదీ తేలనిదీ వేరుచేస్తూ పది వాక్యాలు రాయండి.