మా మొదటి ప్లాస్టిక్ విమానం

మోరిస్‌విల్‌లో ఉంటున్న మనవాళ్లకి విమానం వింత కాదు. రాలీ-డర్హమ్ విమానాశ్రయం ఊరి పక్కనే ఉంది. పెరట్లో కరివేపాకు కుండీకి నీళ్లు పోస్తూ తల ఎత్తితే చాలు, చక్రాలు దించుకుని కిందికి దిగుతున్న విమానం ఒకటి కనబడుతుంది. అది చాలదన్నట్టు మన కార్లలో చాలా వాటి నంబరు పలకల మీద "ఫస్ట్ ఇన్ ఫ్లైట్" అని వ్రాసి ఉంటుంది. అలాంటి చోట కూర్చుని, జానెడు పొడుగున్న ప్లాస్టిక్ విమానం గురించి ఇంత వ్రాయడం ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. కాని ఈ మధ్య మా ఇంట్లో దాని మూలంగా ఒక చిన్న గొడవ జరిగింది. ఆ గొడవ చెప్పాలంటే ముందు విజయవాడ వెళ్లి రావాలి.

అది 1998 డిసెంబరు. మేము ఇద్దరం అన్నదమ్ములం. ఒకరికి పదకొండేళ్లు, ఇంకొకరికి ఎనిమిది. సత్యనారాయణపురంలో అద్దె ఇల్లు. నాన్నగారికి రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. అమెరికాలో ఉన్న మావయ్య నాలుగేళ్ల తరువాత మొదటిసారి ఇంటికి వచ్చాడు. ఆయన సూట్‌కేసు తెరిచినప్పుడు ఇల్లంతా ఒక రకమైన వాసన వచ్చింది. అది అమెరికా వాసన అని మేము చాలాకాలం నమ్మాం. ఇక్కడికి వచ్చాక తెలిసింది, అది బట్టల సబ్బు వాసన. అందులోంచి అమ్మకి ఒక పెనం, నాన్నగారికి గెడ్డం గీసుకునే సామాను, మాకు చాకొలెట్లు, వాటి అడుగున ఒక అట్టపెట్టె బయటికి వచ్చాయి. పెట్టె మీద మబ్బుల్ని చీల్చుకుంటూ వస్తున్న వెండి రంగు విమానం బొమ్మ. మస్టాంగ్ అని రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ యుద్ధ విమానం అది.

ఎంత ఆశతో మూత తీశామో అంత నీరసపడ్డాం. లోపల విమానం లేదు! చింతకాయలు కొమ్మకి వేలాడినట్టు, సన్నటి ప్లాస్టిక్ చట్రాలకి అంటుకుని బోలెడు ముక్కలున్నాయి. రెక్క పైభాగం ఒకచోట, కింది భాగం ఇంకోచోట. చక్రాలు మినపగింజలంత. అన్నిటికీ అంకెలు. పక్కన మడతపెట్టిన కాగితం ఒకటి, దాని నిండా బాణం గుర్తులు.

"మీరే చెయ్యాలిరా. దాని సరదా అదే" అన్నాడు మావయ్య.

"అంత డబ్బు పోసి, చెయ్యని బొమ్మ కొనుక్కొచ్చావుట్రా?" అంది అమ్మ.

ఇలాంటి పెట్టెలు అప్పటికే ప్రపంచంలో చాలా పాతవని మాకు తెలియదు. ప్లాస్టిక్ ముక్కలతో విమానం కట్టుకునే పెట్టెలు 1936లోనే ఇంగ్లండులో అమ్మారు. యుద్ధం తరువాత పాలీస్టైరీన్ వచ్చింది. దాన్ని వేడిచేసి కరిగించి, ఉక్కు అచ్చులోకి గట్టిగా నొక్కితే వెంట్రుకవాసి గీత కూడా చక్కగా పడుతుంది. ఆ తరువాత ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పిల్లలున్న ఇళ్లలోకి ఇవి మన ఇళ్లలోకి గాలిపటాలు వచ్చినట్టు వచ్చాయి. మా పెట్టె మీద 1:48 అని ఉంది. అంటే అసలు విమానంలో నాలుగు అడుగులు ఇందులో ఒక అంగుళం. ముప్పై రెండు అడుగుల పైచిలుకు విమానం ఎనిమిది అంగుళాలకి దిగిందన్నమాట. ఆ లెక్క నాన్నగారే కాగితం మీద వేసి చూపించారు. లెక్క తేలాక ఆయనకీ ఆసక్తి పుట్టింది.

ఇక అసలు చిక్కు జిగురు. జిగురూ రంగులూ ఇందులో లేవని పెట్టె మీదే అచ్చువేసి ఉంది. మంటలంటుకునే జిగురుని విమానంలో తీసుకురానివ్వరని మావయ్య కొననే లేదు. మేము ముందు అన్నం మెతుకులు వాడాం. గాలిపటానికి పనికొచ్చింది విమానానికి పనికిరాదా అని మా ధైర్యం. పనికిరాలేదు. తుమ్మజిగురు పూశాం. బడిలో అట్టలు అతికించే తెల్ల జిగురు పూసి రాత్రంతా పుస్తకాల బరువు పెట్టాం. పొద్దున్న ముట్టుకుంటే రెక్క పొట్టులా ఊడి వచ్చింది. ఆ జిగుళ్లన్నీ కాగితంలోకీ కర్రలోకీ ఇంకి పట్టుకునేవి. పాలీస్టైరీన్‌లోకి ఏదీ ఇంకదు.

మా వీధి చివర సైన్‌బోర్డులు వ్రాసే పెయింటరు ఒకాయన ఉండేవాడు. ముక్కని గోటితో గీకి చూసి, "ఇది థర్మకోల్ జాతిదే బాబూ. థిన్నరు తగిల్తే కరిగిపోద్ది. కరిగినప్పుడే రెండూ కలిపెయ్యాలి" అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. థర్మకోల్ అంటే నురగలా పొంగించిన పాలీస్టైరీనే. థిన్నరులో ఉండే టోలీన్ లాంటివి రెండు ముక్కల అంచుల్నీ మెత్తబరుస్తాయి. మెత్తబడిన అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తరువాత థిన్నరు ఆవిరైపోతుంది, మధ్యలో జిగురంటూ ఏమీ మిగలదు. వైద్య విద్యార్థులుగా విరిగిన ఎముక అతుక్కోవడం చదివినప్పుడు మాకు ఈ విమానమే గుర్తొచ్చింది. దారం వేసి కుట్టడం వేరు, ఎముక ఎముకలో కలవడం వేరు.

పెయింటరు ఒక ఖాళీ హోమియో మందు సీసాలో కాస్త థిన్నరు పోసి ఇచ్చాడు. దాన్ని మా చేతికివ్వడానికి నాన్నగారు ఒప్పుకోలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక కిటికీలన్నీ తెరిపించి, ట్యూబులైటు కింద చాప వేసుకుని, తానే అగ్గిపుల్లతో అద్దడం మొదలుపెట్టారు. రెక్క రెండు భాగాల్నీ కలిపి బొటనవేలితో నొక్కి పట్టుకుని, "నూరు లెక్కపెట్టండి" అన్నారు. లెక్కపెట్టాం. తొంభై దాకా వచ్చేసరికి, అంచునుంచి ఒక చుక్క జారి ఆయన వేలి కిందికి పోయినట్టుంది. నూరు కాగానే వేలు తీశారు. వెండిలా మెరిసే ఎడమ రెక్క మీద బొటనవేలి ముద్ర, గీతలతో సహా, సబ్బు మీద పడ్డట్టు పడి ఉంది.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. నాన్నగారే నవ్వి, "ఇంత చదువూ చదివి చివరికి వేలిముద్ర వేశానురా" అన్నారు.

మాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. అమెరికా నుంచి వచ్చిన వస్తువు, వీధిలో ఎవరికీ లేని వస్తువు, పాడైపోయింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన రోజూ ఆఫీసు నుంచి రాగానే చాప మీద కూర్చుని మిగతా ముక్కలు ఒక్కటొక్కటే అతికించారు. మేము దూరం నుంచి చూసి, మూడో రోజు సిగ్గులేకుండా దగ్గరికి జరిగాం.

విమానం నిలబడింది. నిలబడిన మర్నాడే ప్రొపెల్లరు తిరుగుతుందో లేదో చూద్దామని దాన్ని టేబుల్ ఫ్యాను ముందు పెట్టాం. తిరిగింది. విమానం కింద పడటం కూడా వెంటనే జరిగింది. నాలుగు రెక్కల ప్రొపెల్లరులో రెండు విరిగాయి, విరిగిన ముక్కలు ఊడ్చిన చెత్తలో కొట్టుకుపోయాయి.

సంక్రాంతి దగ్గరపడింది. బొమ్మల కొలువులోకి ఏటా ఒక కొత్త బొమ్మ కొనడం అమ్మ అలవాటు. కొండపల్లి మా ఊరికి బస్సులో కాసేపటి ప్రయాణమే. విమానాన్ని సంచీలో పెట్టుకుని మేమూ బయలుదేరాం. అక్కడ బొమ్మలు చేసే పెద్దాయన ఒకరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎన్ని ముక్కలు?" అని అడిగారు. యాభై దాకా ఉంటాయన్నాం. "మా అంబారీ ఏనుగూ అంతే. ముక్కలే" అన్నారు. నిజమే. కొండపల్లి బొమ్మ ఒకే కొయ్యలో చెక్కింది కాదు. తేలికైన తెల్ల పొనికి చెక్కని సన్నటి సెగ మీద ఆరబెట్టి, కాళ్లూ చేతులూ తొండమూ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. దాని మీద సున్నం పూస్తారు, ఆ పైన రంగులు. ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఆయన రెక్క మీది ముద్రని వేలితో తడిమి, "ఎవరిదీ వేలు?" అన్నారు. మా వారిదని అమ్మ చెప్పింది. "మా బొమ్మకైతే సున్నంలో పోయేది" అని నవ్వి, పొనికి ముక్క తీసుకుని అరగంటలో నాలుగు రెక్కల ప్రొపెల్లరు చెక్కారు. మక్కు ప్లాస్టిక్‌ని పట్టదు కనక చిన్న రంధ్రం చేసి, బిగుతుగా ఇరికించారు. డబ్బు తీసుకోలేదు. ఆ మొహమాటానికి అమ్మ తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మ ఒకటి అదనంగా కొంది. ఆ ఏడు మా కొలువులో దశావతారాల కింది మెట్టు మీద, అంబారీ ఏనుగు పక్కన, అమెరికా యుద్ధ విమానం కొండపల్లి ప్రొపెల్లరుతో నిలబడింది. పేరంటానికి వచ్చినవాళ్లు దేవుళ్లకన్నా ముందు దాన్నే చూశారు.

మన నార్త్ కరోలినాకి విమానాల పేరు తెచ్చిన రైట్ సోదరుల కథ చదివినప్పుడు మాకు ఈ సంగతంతా మళ్లీ కళ్లకి కట్టింది. 1878లో వాళ్ల నాన్న ఊరినుంచి వస్తూ ఒక ఎగిరే బొమ్మ తెచ్చారు. ఫ్రాన్సు దేశస్థుడు పెనో చేసిన నమూనా అది. బెండు, వెదురు, కాగితం, తిప్పడానికి ఒక రబ్బరు బ్యాండు. అప్పటికి పెద్దవాడికి పదకొండేళ్లు, చిన్నవాడికి ఏడు. బొమ్మ విరిగిపోయింది. వాళ్లు తామే అలాంటివి తయారుచేసుకున్నారు. పాతికేళ్లకి, 1903 డిసెంబరు 17న, మన ఇళ్ల నుంచి కారులో మూడు నాలుగు గంటల దూరంలో ఉన్న కిట్టీ హాక్ దగ్గర ఇసుకలో వాళ్ల విమానం పన్నెండు సెకన్లు ఎగిరి నూట ఇరవై అడుగులు పోయింది. మేము విమానాలేమీ కనిపెట్టలేదు. అయినా పదకొండేళ్ల వయసులో ఇంటికి వచ్చిన పెట్టె ఎంత పని చేస్తుందో మాకు తెలుసు.

2021 మే నెలలో, కోవిడ్ రెండో విడతలో, నాన్నగారు పోయారు. అప్పుడు ఇండియా నుంచి అమెరికాకి ప్రయాణాల మీద ఆంక్షలున్నాయి. మా వీసాతో వెళితే తిరిగి వచ్చే దారి లేదు, ఇక్కడ వార్డులో రోగులున్నారు. తమ్ముడు ఒక్కడే అన్నీ చేశాడు. మేము ఫోనులో చూశాం. మనలో చాలామందికి ఆ సంవత్సరం గురించి విడమరిచి చెప్పనవసరం లేదు.

మరుసటి ఏడు వెళ్లినప్పుడు అమ్మ ఆ విమానాన్ని పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చింది. ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. పొనికి ప్రొపెల్లరు చెక్కుచెదరలేదు.

ఇప్పుడు గొడవ సంగతి. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. ఇలాంటి పెట్టెలు ఇప్పటికి పదో పన్నెండో కట్టాడు. పనితనం మాకన్నా మేలు. అతుకుల్లో సందులుంటే మెత్తటి పుట్టీ పెట్టి, తడి ఉప్పుకాగితంతో రుద్ది, అతుకన్నది తెలియకుండా చేస్తాడు. ఒక ఆదివారం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి తాతగారి విమానం వాడి బల్ల మీద ఉంది, చేతిలో ఉప్పుకాగితం ఉంది. ఎడమ రెక్క తడిగా ఉంది. మా ఆవిడా మేమూ ఒక్కసారే అరిచాం. వాడు బిక్కచచ్చిపోయాడు. "మరక పోగొడుతున్నా నాన్నా. మీ పుట్టినరోజుకి సర్‌ప్రైజ్" అన్నాడు. తరువాత రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

రెండు రోజులు! ఆ లెక్క మాకు బాగా తెలుసు. మూడో రోజు మేమే వాడి పక్కన చాప వేసుకుని కూర్చుని, పైన మీకు చెప్పినదంతా చెప్పాం. వేలి గీతలు కడుపులో ఆరో నెల కల్లా ఏర్పడతాయనీ, చనిపోయేదాకా మారవనీ, కవల పిల్లలకి కూడా ఒకరివి ఒకరికి ఉండవనీ చెప్పాం. తాతగారి ఫోటోలున్నాయి, గొంతు ఫోనులో ఉంది. ఆయన వేలు మాత్రం మా దగ్గర ఇందులోనే ఉంది. వాడు భూతద్దం తెచ్చి చాలాసేపు చూశాడు. చివరికి, "ఈ పక్క గీతలు కొన్ని నేను చెరిపేశాను" అన్నాడు. చూశాం. నిజమే, ఒక అంచు కాస్త నున్నబడింది. "ఉండనీ, అది నీ వాటా" అన్నాం.

వైద్యులం కనక ఒక మాట చెప్పకుండా ముగించలేం. టోలీన్ పీల్చడం పిల్లలకి మంచిది కాదు. అలవాటుగా పీల్చితే మెదడు దెబ్బతింటుంది. 1960లలో అమెరికాలో కొందరు పిల్లలు మత్తుకోసం ఈ జిగురు పీలుస్తుంటే, టెస్టర్స్ కంపెనీ వారు 1969లో తమ జిగురులో ఆవనూనె ఘాటు కలిపారు, ముక్కు దగ్గర పెట్టుకోలేకుండా. ఆవకాయ తిని పెరిగిన మనకి అదేం అడ్డని నవ్వకండి. కిటికీలు తెరిచి, పక్కన పెద్దవాళ్లు ఉండి చేయించండి. నారింజ తొక్కల నూనెలో ఉండే లిమోనీన్‌తో చేసిన జిగుళ్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి.

సంక్రాంతికి మా ఇంట్లో కొలువు పెడతాం. విమానం అంబారీ ఏనుగు పక్కనే ఉంటుంది, ఎడమ రెక్క వచ్చినవాళ్ల వైపు తిప్పి. పిల్లల్ని ముట్టుకోనివ్వండి, ముద్ర మీద వేలు పెట్టి చూడనివ్వండి. ఫ్యాను ముందు మాత్రం పెట్టనివ్వకండి. కొండపల్లి ఇక్కడికి చాలా దూరం.