తనఖా ఋణము: మొదటి వాయిదా ఏల వేఱుగా నుండును?

భూమిని తనఖా పెట్టి దీర్ఘకాల ఋణము పొందిన రైతులలో పలువురు మొదటి వాయిదా నోటీసు చూచినంతనే కలవరపడుచుందురు. పొరుగువాని వాయిదాకంటె తమది హెచ్చుగా నున్నదని సంశయింతురు. ఈ సంశయము తీరనిచో సంఘముపై నమ్మకము సడలును. అంతకంటె కీడేమనగా, ఆ హెచ్చు సొమ్ముకొఱకు రైతు మరల షావుకారు గడప త్రొక్కును. చెన్నరాజధానిలో 1929లో కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఏర్పడుటయు, 1934లో తత్సంబంధమైన శాసనము వచ్చుటయు ఆ గడప తప్పించుటకే గదా! కావున ఈ లెక్కను సభ్యులెల్లరు తెలిసికొనవలెనని మేము కోరుచున్నాము.

వడ్డీ సొమ్ము చేతికి ముట్టిన దినమునుండి నడచును. వాయిదా గడువు మాత్రము పంట అమ్ముడగు కాలము ననుసరించి ఏటికొక తేదీగా నియమింపబడును. ఈ రెండు తేదీలకు నడుమ సరిగా పండ్రెండు నెలలుండుట అరుదు. భేదమునకు మూలమిదియే.

ఇద్దఱు రైతులు చెఱి యొక లక్ష రూపాయలు, ఏటికి నూటికి 10 రూపాయల వడ్డీపై, ఏటేట అసలు 10,000 చొప్పున పదేండ్లలో తీర్చునట్లు పొందిరనుకొందము. గడువు మార్చి 31. మొదటివానికి జూలై 1న సొమ్ము ముట్టినది. తొమ్మిది నెలల వడ్డీ 7,500. అసలుతో కలిపి 17,500 రూపాయలు. రెండవవానికి జనవరి 1న ముట్టినది. మూడు నెలలకే చెల్లించుట కష్టమని అతని తొలి గడువు మరుసటి మార్చికి ఉంచబడినది. పదునైదు నెలల వడ్డీ 12,500. మొత్తము 22,500 రూపాయలు. రెండవవాడు సొమ్మును ఆఱు నెలలు ఎక్కువగా వాడుకొనెను గనుక 5,000 ఎక్కువ చెల్లించెను. ఇందు ఎవరికిని అన్యాయము లేదు.

రెండవ వాయిదానాటికి ఇద్దఱికిని అసలు 90,000 మాత్రమే నిలిచియుండును. ఇద్దఱును 19,000 చెల్లింపవలెను. ఆపై ఏటికి వేయి చొప్పున తగ్గి, కడపటి వాయిదా 11,000 అగును. మొదటివాడు ఇచట జాగ్రత్తపడవలెను: తొలి వాయిదా 17,500 చూచి, మరుసటి యేడు అంతకు మించదని తలచినచో 1,500 రూపాయలు కొఱతపడును.

కొన్ని ఋణములలో అసలును వడ్డీయు కలిపి ఏటేట ఒకే మొత్తము చెల్లించు పద్ధతి యుండును. పై ఋణమునకే అట్టి వాయిదా సుమారు 16,275 రూపాయలు. నిండు సంవత్సరమునకు చెల్లించు మొదటి వాయిదాలో 10,000 వడ్డీకే పోయి, అసలు 6,275 మాత్రమే తీరును. కడపటి వాయిదాలో వడ్డీ సుమారు 1,480 మాత్రమే. కావున తొలియేట అప్పు అంతగా తగ్గలేదని వగవ పనిలేదు. ఈ పద్ధతిలోను తొలి గడువునకు పదునైదు నెలలైనచో, అదనపు మూడు నెలల వడ్డీ 2,500 మొదటి వాయిదాతో చేర్చి వసూలు చేయుట కలదు.

నూతి త్రవ్వకము వంటి పనులకు సొమ్ము విడతలుగా నిచ్చినపుడు, ఏ విడతకు ఆ విడత ముట్టిన తేదీనుండియే వడ్డీ లెక్కింపవలెను.

సొమ్ము తీసికొను దినముననే రైతు నాలుగు సంగతులు అడిగి వ్రాసికొనవలెను: సొమ్ము ముట్టిన తేదీ, తొలి గడువు తేదీ, నడుమనున్న కాలమునకు వడ్డీ, రెండవ వాయిదా మొత్తము. చెల్లించినపుడు రసీదులో అసలెంతయో వడ్డీయెంతయో వేఱువేఱుగా చూచుకొనవలెను. లెక్క చెప్పుమని యడుగుట సభ్యుని హక్కు. విసుగక చెప్పుట సంఘోద్యోగుల విధి. తొలి వాయిదాకు కావలసిన సొమ్ము ముందుగా నెఱిగిన రైతు, పంట యమ్మిననాడే దానిని వేఱుగా తీసియుంచి తన భూమిని తానే కాపాడుకొనగలడు.