తీపి మాత్రకూ పరీక్ష కావాలి

ఆబిడ్స్ నుంచి నాంపల్లి రైల్వే స్టేషన్‌కు సాగే దారిలో ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్ భవనం సరోజినీ నాయుడు నివాసంగానూ, 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆరంభమైన చోటుగానూ ప్రసిద్ధి పొందింది. అయితే ఆ కుటుంబం పేరు తెలుగువారి హోమియో వైద్య చరిత్రతోనూ ముడిపడి ఉంది. సరోజిని కుమారుడు డాక్టర్ జయసూర్య హోమియో వైద్యుడు, 1952లో మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన ప్రజాప్రతినిధి. రామంతాపూర్‌లోని ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల నేటికీ ఆయన పేరును, పొట్టి శ్రీరాములు పేరును కలిపి ధరిస్తోంది. ఈ వైద్యానికి ఇంతకాలంగా ఆదరణ ఉన్నందువల్లనే, హోమియో మందు మేలు చేయకపోయినా కీడు మాత్రం చేయదన్న నమ్మకం ఎన్నో ఇళ్లలో స్థిరపడింది. ఆ నమ్మకంలో నిజమెంతో తేలాలంటే ముందుగా మందు తయారయ్యే తీరును, ఆ తరువాత దాని పరీక్షను పరిశీలించాలి.

మొక్కల వంటి ముడిపదార్థాల నుంచి ఆల్కహాల్ సాయంతో తీసే సారాన్ని మదర్ టింక్చర్ అంటారు. కరగని ఖనిజాలనైతే పాల చక్కెరతో కలిపి నూరుతారు. ఒక వంతు మూలపదార్థాన్ని పది వంతుల మిశ్రమంగా పలుచన చేస్తే అది 1ఎక్స్, నూరు వంతులుగా చేస్తే 1సి అవుతుంది. ప్రతి మెట్టులోనూ అదే నిష్పత్తి కొనసాగుతుంది గనుక 3ఎక్స్‌లో వెయ్యో వంతు, 6సిలో లక్ష కోట్లలో ఒక వంతు మిగులుతుంది. 12సి దాటిన తరువాత మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం చాలా తక్కువని రసాయన శాస్త్రం చెబుతుంది. కాబట్టి పాషాణం నుంచి తయారుచేసే ఆర్సెనికమ్ ఆల్బమ్ అనే మందు సక్రమంగా తయారైన 30సి అయితే, అందులో పాషాణం వల్ల విషప్రమాదం ఉండదు. కానీ మదర్ టింక్చర్లలోనూ, తక్కువ పలుచన గల మందుల్లోనూ విషపదార్థం లెక్కకు వచ్చే పరిమాణంలోనే ఉండవచ్చు. హోమియో అన్న ఒక్క పేరు కింద ఈ రెండు రకాలూ అమ్ముడవుతున్నందున, మొదటి రకపు నిరపాయతను రెండో రకానికి అంటగట్టడం పొరపాటు.

ఆ పొరపాటు ఎంత ప్రమాదకరమో అమెరికా అనుభవం చూపింది. ముక్కులో వేసుకునే జింక్ మందు ఒకటి హోమియో మందుగా అమ్ముడవుతుండగా, వాడినవారు వాసన పసిగట్టే శక్తిని కోల్పోయినట్లు నూటముప్పైకి పైగా ఫిర్యాదులు అందడంతో, 2009లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. పసిపిల్లలకు పళ్లు వచ్చేటప్పుడు ఇచ్చే కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా అనే విషపు మొక్క సారం పరిమాణం మాత్రమాత్రకూ మారుతోందని, కొన్నింటిలో లేబుల్‌పై చెప్పినదానికన్నా ఎంతో ఎక్కువగా ఉందని 2017 జనవరిలో అదే సంస్థ ప్రకటించింది. అంటే సూత్రం ఎలా ఉన్నా, కర్మాగారంలో జరిగే తప్పు ప్రాణాల మీదకు తేగలదు.

మన దేశంలో హోమియో మందులు 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1945 నాటి నియమాల పరిధిలోనే ఉన్నాయి. మందును ఎలా గుర్తించాలో, దాని స్వచ్ఛతను ఎలా పరీక్షించాలో నిర్దేశించే అధికారిక ప్రమాణ గ్రంథం భారత హోమియో ఫార్మకోపియా. దాని మొదటి సంపుటం 1971లో వెలువడగా, పరీక్షల కోసం 1975లో ఘజియాబాద్‌లో జాతీయ ప్రయోగశాల ఏర్పడింది. పన్నెండు శాతానికి మించి ఆల్కహాల్ ఉన్న మందును సాధారణ కొనుగోలుదారుకు 30 మిల్లీలీటర్లకు మించిన సీసాలో అమ్మరాదన్న నియమం కూడా ఉంది.

అయితే స్వచ్ఛత పరీక్ష, భద్రతా పరీక్ష ఒకటే కావు. ఆరోగ్యవంతులకు మందునిచ్చి లక్షణాలను నమోదు చేసే హోమియో వైద్య స్థాపకుడు హానిమన్ నాటి ప్రూవింగ్ పద్ధతి మందును ఎంచుకోవడానికి ఉద్దేశించినదే గానీ, అది ఎంత మోతాదులో విషమవుతుందో, గర్భిణికీ పసిబిడ్డకూ ఏమవుతుందో, ఏళ్లతరబడి వాడితే కాలేయం ఏమవుతుందో చెప్పేది కాదు. రోడ్డు వేసే ఇంజనీరు అడుగునేల నమూనాను నాలుగు రోజులు నీటిలో నానబెట్టి, అత్యంత బలహీన స్థితిలో అది ఎంత బరువు మోస్తుందో చూసి పొరల మందాన్నీ, దానితో పాటు ఖర్చునూ నిర్ణయిస్తాడు. తక్కువ పలుచన గల మందుకూ అలాగే, బిడ్డ సీసా మొత్తం మింగే సందర్భాన్ని దృష్టిలో పెట్టుకొని పరీక్ష జరగాలి.

మందు హాని చేయదని తేలినంత మాత్రాన జబ్బు నయం చేస్తుందని తేలినట్టు కాదు. హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారమున్న ఆరోగ్య సమస్య ఏదీ లేదని ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో తేల్చింది. కాబట్టి అణువైనా మిగలని మందు కూడా మధుమేహానికో, క్షయకో, క్యాన్సర్‌కో జరగవలసిన చికిత్సను ఆలస్యం చేస్తే పరోక్షంగా ప్రాణహాని కలిగించినట్టే.

అందువల్ల సీసాపై మందు పేరు, పలుచన స్థాయి, బ్యాచ్ సంఖ్య, తయారీ లైసెన్సు సంఖ్య, ఆల్కహాల్ శాతం చూడకుండా ఎవరూ కొనరాదు. మందు వికటించినట్టు అనిపిస్తే వైద్యుడికి చెప్పి, ఆయుష్ మంత్రిత్వ శాఖ నడిపే దుష్ఫలితాల నమోదు వ్యవస్థకు అందేలా చూడాలి. ప్రభుత్వం కూడా బ్యాచ్‌వారీ పరీక్షల ఫలితాలను ప్రజలకు అందుబాటులో ఉంచాలి. మందును ఏ వైద్య విధానం ఇచ్చినా దాన్ని మింగే శరీరం ఒక్కటే కాబట్టి, భద్రతకు రుజువు అడిగే హక్కు రోగికి అన్నిచోట్లా ఒకేలా ఉండాలి.